పన్నెండు జేబుల సంచి

టీకాలు వేసే ఏఎన్‌ఎంల కోసం కేంద్ర ఆరోగ్య శాఖ అచ్చువేసిన చేతిపుస్తకంలో గోడకు తగిలించుకునే ఒక గుడ్డ సంచి గురించి ఉంటుంది. పన్నెండు నెలలకు పన్నెండు జేబులు. అవి కాక టీకాలన్నీ పూర్తయిన పిల్లలకు వేరే జేబు, ఊరు వదిలిపోయినవాళ్లకూ చనిపోయినవాళ్లకూ వేరే జేబు. ట్రాకింగ్ బ్యాగ్ అని దాని పేరు. గజం గుడ్డ, కాస్త దారం, కుట్టుమిషను ఉంటే ఏ ఊళ్లోనైనా గంటలో తయారవుతుంది. నాకు తెలిసినంతలో సర్కారు వైద్యం తయారుచేసిన పనిముట్లలో ఇంత చవకైనది, ఇంత ఆలోచించి చేసినది ఇంకొకటి లేదు.

అది పనిచేసే తీరు ఇది. గర్భిణిగా పేరు రాసుకున్నప్పుడే తల్లికిచ్చే తల్లీబిడ్డల సంరక్షణ కార్డుకు ఒక చీటీ అతికి ఉంటుంది. కార్డు తల్లి దగ్గరుంటుంది, చీటీ చింపి ఏఎన్‌ఎం ఉంచుకుంటుంది. జనవరి 10న ఒక పాప పుట్టిందనుకుందాం. బీసీజీ, పోలియో చుక్కలు, కామెర్ల టీకా ఆసుపత్రిలోనే అయిపోతాయి. తర్వాతి టీకాలు ఆరో వారంలో, అంటే ఫిబ్రవరి మూడో వారంలో. చీటీ ఫిబ్రవరి జేబులోకి పోతుంది. ఆ టీకా వేశాక పదో వారం కోసం మార్చి జేబులోకి, ఆపైన పద్నాలుగో వారం కోసం ఏప్రిల్ జేబులోకి మారుతుంది. అక్కణ్ణుంచి ఒక్క దూకు. తట్టు, రుబెల్లా టీకా తొమ్మిది నెలలు నిండాక కాబట్టి చీటీ నేరుగా అక్టోబరు జేబులో పడుతుంది.

నెల మొదట్లో ఆ నెల జేబులో చేయిపెడితే ఎవరెవరిని పిలవాలో తెలుస్తుంది. నెలాఖరున మళ్లీ చేయిపెట్టినప్పుడు దాని గొప్ప తెలుస్తుంది. వచ్చినవాళ్ల చీటీలు వేరే జేబులకు వెళ్లిపోయి ఉంటాయి, మిగిలినవి రానివాళ్లవే. వెతకక్కర్లేదు, లెక్క కట్టక్కర్లేదు. సర్కారు రిజిస్టర్లు మామూలుగా వచ్చినవాళ్లను రాసుకుంటాయి. ఎంతమంది వచ్చారు, ఎన్ని సీసాలు ఖర్చయ్యాయి, పైకి ఏ లెక్క పంపాలి, వాటి ధ్యాసంతా ఇదే. ఈ సంచి రానివాళ్లను చూపిస్తుంది. వైద్యం మన దగ్గరికి వచ్చినవాళ్లకు చేసేది. ప్రజారోగ్యం రానివాళ్లను పట్టుకునేది. రెంటికీ ఉన్న ఆ తేడాను ఎవరో దర్జీ చేతిలో పెట్టి కుట్టించారు.

ఇప్పుడు పేర్లన్నీ ఆర్‌సీహెచ్ పోర్టల్, యూ-విన్ అనే సర్కారు ఆన్‌లైన్ చిట్టాల్లోకి ఎక్కుతున్నాయి. ఫోన్లో వేలు పెడితే ఈ వారం టీకా పడాల్సిన పిల్లల వరుస వస్తుంది. డ్యూ లిస్ట్ అంటారు దాన్ని. సంచి చాలాచోట్ల గోడ దిగిపోయింది. ఫోన్లో ఉన్నది మాత్రం ఆ సంచి తర్కమే, జేబులు కంటికి కనపడవంతే. సిగ్నల్ లేని పూట గుడ్డ సంచే నయమని నా అభిప్రాయం.

ఇదంతా నెల్లూరు తీరం గురించి చెప్పడానికే. ఇక్కడ తేదీ ప్రకారం మనిషిని పట్టుకోవడం ఎంత కష్టమో తెలిస్తేగాని ఆ పనితనం విలువ తెలియదు.

ఉమ్మడి జిల్లా తీరం 169 కిలోమీటర్లు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు దక్షిణాన పులికాట్ వైపు మండలాలు తిరుపతికి పోయాయి, ఉత్తరాన ఉలవపాడు, గుడ్లూరు వైపు ఊళ్లు ప్రకాశం నుంచి వచ్చి చేరాయి. రామాయపట్నం, తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇస్కపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం. ఈ వరుస వెంబడి సముద్రం ఒడ్డున చేపలవేట చేసే పట్టపువాళ్ల పాళేలు, కాస్త లోపలికొస్తే రొయ్యల గుంటలు, గుంటల గట్ల మీదా కాలవల పక్కనా యానాదుల గుడిసెలు, ఇంకా లోపలికి వరి మాగాణులు. వేట లేని రోజుల్లో పాళేల మగవాళ్లు పనికోసం వేరే రేవులకు పోతారు. యానాదులు గుంట కాపలాకు, వరికోతకు, చేపలు పట్టడానికి ఎటు పని దొరికితే అటు సంసారంతో సహా కదులుతారు. అప్పుడప్పుడు ఊళ్లే మొత్తంగా కదులుతాయి, తుపాను చెప్పినప్పుడు. కదిలే జనానికి కదలని తేదీ కట్టడమే ఇక్కడి ఏఎన్‌ఎం పని.

లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో ఐదు వేల మందికి ఒక ఉపకేంద్రం, ముప్పై వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, వెయ్యి మందికి ఒక ఆశా కార్యకర్త. 2019 అక్టోబరు 2 తర్వాత గ్రామ సచివాలయాలు వచ్చి ఏఎన్‌ఎం అక్కడా ఒక కుర్చీ వేసుకుంది. 2023 ఏప్రిల్లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లుంటే ఒకరు ఆసుపత్రిలో, ఒకరు 104 బండితో ఊళ్లలో. పేర్లు ప్రభుత్వాన్నిబట్టి మారుతుంటాయి, ఆ మార్పులు ఇక్కడ మనకనవసరం. మారనిది వారం. బుధవారం, శనివారం టీకాలు. శుక్రవారం డ్రై డే, అంటే తొట్లలో, పాత టైర్లలో, కుండీల్లో నిలవనీళ్లు పారబోయించే రోజు. ప్రతినెలా 9న గర్భిణులందరికీ డాక్టరు పరీక్ష, ఇది 2016 నుంచి దేశమంతటా ఉంది. ఒకటో తేదీ పింఛన్లు. శనివారం వెంకటేశ్వరస్వామిదని, శుక్రవారం అమ్మవారిదని వారాలు పంచిపెట్టిన మన జనానికి ఇది కొత్త భాష కాదు. ఫలానా జబ్బుకు ఫలానా చోటికి రండి అంటే రానివాళ్లు కూడా శనివారం నర్సమ్మ వస్తుందంటే గుర్తుపెట్టుకుంటారు.

ఇక అసలు నేర్పు కార్డు మీద రాసే మొదటి తేదీలో ఉంది. గర్భిణి పేరు రాసుకునేటప్పుడు కడసారి నెల ఏ రోజున వచ్చిందో అడగాలి. దానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ, ఈడీడీ. మిగతాదంతా ఆ తేదీ మీదే నిలబడుతుంది. ఏ నెలలో రక్తపరీక్ష, ఎప్పుడు స్కానింగు, 108కి ఎప్పుడు చెప్పిపెట్టుకోవాలి, బిడ్డ నెల తక్కువా కాదా, అన్నీ. ఆ మొదటి తేదీ మాత్రం ఎవరి నోటా తేదీగా రాదు.

"కడసారి నెల ఎప్పుడొచ్చింది మే?"

"బోట్లు ఒడ్డుకెక్కినాక పది దినాలకమ్మా."

పాళేల్లో వినపడే జవాబులు ఇలాగే ఉంటాయి. ఊరి సంగతి తెలియని నర్సు ఇక్కడ తెల్లముఖం వేస్తుంది. తెలిసినామె వెంటనే రాసేస్తుంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది, పది రోజులు కలిపితే ఏప్రిల్ 25, కాన్పు ఫిబ్రవరి 1. నిషేధం జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు. మొదలూ చివరా ప్రతి ఇంటికీ కంఠతా వచ్చిన తేదీలు కాబట్టి పాళెంలో ఇంతకంటే గట్టి గుర్తు ఇంకోటి లేదు. మాగాణి ఊళ్లలో సంక్రాంతి పనికొస్తుంది, అదీ ఇంచుమించు కదలని పండగే. రొట్టెల పండగ మాత్రం నమ్ముకోకూడదు. నెల్లూరు చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర జరిగే ఆ పండగ మొహర్రం నెలను బట్టి వస్తుంది, ఏడాదికి పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. నిరుటి తేదీ గుర్తుపెట్టుకుని లెక్క కట్టిన ఏఎన్‌ఎం కాన్పును పది రోజులు తప్పిస్తుంది. జనం గుర్తులను క్యాలెండరులోకి మార్చే ఈ విద్య ఏ శిక్షణలోనూ పాఠంగా పెట్టినట్టు లేదు. పెడితే బాగుంటుంది.

తేదీ సరిగా రాసుకున్నా మనిషి నిలవదు. తొలిచూలుకు పుట్టింటికి పోవడం మన ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పోయి, బిడ్డకు మూడు నాలుగు నెలలు వచ్చేదాకా అక్కడే. అంటే మనిషి ఒక ఉపకేంద్రం పుస్తకంలో పేరు రాయించుకుని ఇంకో ఉపకేంద్రం పరిధిలో కని, పిల్లకు మొదటి మూడు విడతల టీకాలు అక్కడ వేయించుకుని తిరిగొస్తుంది. ఆచారం తెలియని కంప్యూటరు ఆమెను ఒకచోట తప్పిపోయిన మనిషిగా, ఇంకోచోట ఊడిపడ్డ మనిషిగా చూస్తుంది. పని తెలిసిన ఏఎన్‌ఎం ఏడో నెల పరీక్షనాడే పుట్టిల్లు ఏ ఊరో కనుక్కుని, ఆ ఊరి ఏఎన్‌ఎంకు ఫోన్ చేసి అప్పజెబుతుంది. పిల్లనిచ్చి పంపినట్టే, కొంచెం తిరగేసి. ఇక్కడ కార్డు గొప్పతనం కూడా చెప్పాలి. అది తల్లి చేతిలో ఉంటుంది గనక ఏ ఊరికెళ్లినా చెల్లుతుంది. అల్లూరులో పేరు రాయించుకుని చెన్నైలో టీకా వేయించుకున్నా ఆ గడిలో తేదీ పడుతుంది. టీకా వేసిన ప్రతిసారీ తల్లికి చెప్పాల్సిన మాటలు నాలుగని చేతిపుస్తకం నిర్ణయించింది. ఇప్పుడు వేసింది ఏమిటి, జ్వరం లాంటిదొస్తే ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్తగా పెట్టుకోవాలి. నాలుగోది వట్టి మర్యాదమాటగా వినపడుతుందిగాని నెల్లూరు తీరంలో అదే ముఖ్యమైనది.

టీకా పెట్టె సంగతికొస్తాను. శనివారం పొద్దున ఆశా కార్యకర్త భుజాన వేలాడే ఆ నీలం పెట్టెను అందరం చూసే ఉంటాం. ఆగినప్పుడు దానిమీద కూర్చున్నవాళ్లనూ చూసి ఉంటాం, కూర్చోకూడదు. లోపల నాలుగు గోడలకూ నాలుగు ఐసు ప్యాకులు, నడుమ ప్లాస్టిక్ సంచిలో సీసాలు, పైన స్పాంజి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో నెల్లూరు ఎండ నలభై దాటుతుందని తెలిసినవాళ్లకు కష్టం వేడితోనే అనిపిస్తుంది. నిజానికి పొరపాటు ఎక్కువగా చలితో జరుగుతుంది.

డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన ఐసు ప్యాకు సున్నాకన్నా చాలా కింద ఉంటుంది. దాన్ని తీసినట్టే పెట్టెలో పెడితే గోడకానుకున్న సీసాలు గడ్డకడతాయి. పెంటావాలెంట్, కామెర్ల టీకా, ధనుర్వాతం టీకా గడ్డకడితే చచ్చిపోతాయి. మళ్లీ కరిగినా రంగు మారదు, రుచిచూసేది కాదు, మామూలు చూపుకు తెలియదు. బిడ్డకు సూది పడుతుంది, ఏడుపూ ఉంటుంది, కార్డులో తేదీ కూడా పడుతుంది, రక్షణ ఒక్కటే ఉండదు. అందుకని పొద్దున్నే ప్యాకులను బయట బల్లమీద పరుస్తారు. పైన చెమట పట్టేదాకా ఆగుతారు. తర్వాత ఒక్కోటీ చెవి దగ్గర పెట్టి ఊపుతారు. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడితే సరి, పెట్టెలో పెట్టొచ్చు. వినపడకపోతే ఇంకాసేపు ఆగాలి. బండి బయట హారన్ కొడుతున్నా ఆగాలి.

వేడికి మటుకు గుర్తు సీసా మీదే ఉంది. గుండ్రటి ఊదారంగు బొట్టు, దానిలో తెల్లటి చదరం. వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది. చుట్టూ ఉన్న రంగుకన్నా చదరం లేతగా ఉన్నంతవరకూ టీకా వాడొచ్చు, రంగులు కలిసిపోతే పారేయాలి. వీవీఎం అంటారు, 1996లో మొదట పోలియో సీసాల మీద వచ్చింది. ఆ సీసా తయారైన ఫ్యాక్టరీ నుంచి ఇస్కపల్లి అంగన్‌వాడీ దాకా ఎంత ఎండ తిన్నదో మొత్తం ఆ చదరంలో కూడి ఉంటుంది. ఒకసారి ముదిరితే మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినా లేతబడదు. అక్షరం రానివాళ్లు కూడా చదవగల నివేదిక అది. గడ్డకట్టిన సంగతి మాత్రం ఆ బొట్టు చెప్పదు. వేడికి బొట్టు కాపలా, చలికి చెవే కాపలా. టీకా కార్యక్రమం మొత్తంలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఈ చెవి పరీక్షే.

ఇంకో సంగతి. బీసీజీ పొడిగా వస్తుంది, నీళ్లు కలిపాక నాలుగు గంటలే ఆయుష్షు. తట్టు టీకాదీ అంతే. పది గంటలకు కలిపితే రెండింటికి మిగిలింది పారేయాలి, అందుకే సీసామీద కలిపిన టైము రాస్తారు. ఒక సీసాలో చాలామందికి సరిపడా మందు ఉంటుంది, వచ్చింది ఒక్క పసిబిడ్డ. ఏం చేయాలి? సీసా తెరవాలి. నలుగురు వచ్చాక చూద్దాం, వచ్చే శనివారం రా అనకూడదు, వాళ్లు రారు. మనిషి దొరకడం కన్నా మందు దొరకడం తేలికని లెక్కేసి, వృథాకు ముందే ఒప్పుకున్న నియమమిది. ఆడిట్ భయంతో నడిచే సర్కారులో ఇలాంటి నియమం రాసిన వాళ్లెవరో ధైర్యవంతులు.

ఇప్పుడు ఆ కాన్పు తేదీల జాబితా వేరే పనికి ఎలా మళ్లుతుందో చూడాలి. నెల్లూరుకు పెద్దవానలు ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాన్ల కాలమూ అదే. 1989 నవంబరులో గే తుపాను కావలి దగ్గరే తీరం దాటింది. అంతకు పన్నెండేళ్ల ముందు, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది, వేలమంది పోయారు. తీరం వెంబడి రక్షిత భవనాలు కట్టడం, ముందే జనాన్ని తరలించడం, ఇవన్నీ ఆ దెబ్బ నేర్పిన పాఠాలు. 2004 డిసెంబరు 26 సునామీకి మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేదు.

తుపాను హెచ్చరిక రాగానే కలెక్టరేటులో కంట్రోల్ రూము తెరుస్తారు, బోట్లను వెనక్కి పిలుస్తారు, కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. ఇవి టీవీలో కనపడతాయి. కనపడని పని ఒకటి ఉంది. తీరం మండలాల పీహెచ్‌సీలు ఈడీడీ వరుస తీస్తాయి. రాబోయే రోజుల్లో కాన్పు తేదీ ఉన్న ప్రతి ఆడమనిషి పేరు, పాళెం, ఫోను. గాలి మొదలవ్వకముందే వాళ్లను 108లోనో 102 తల్లీబిడ్డ బండిలోనో దొరికిన జీపులోనో కావలి ఏరియా ఆసుపత్రికో నెల్లూరు పెద్దాసుపత్రికో చేరుస్తారు. డయాలసిస్ రోగులకూ, మంచం దిగలేనివాళ్లకూ ఇలాంటి వరుసే తీస్తారు. దాని వెనుక వాదన చాలా సాదాగా ఉంటుంది. రోడ్డు మీద చెట్టు పడ్డాక, కాలవ పొంగాక, సెల్ టవర్ పోయాక నొప్పులొస్తే 108కి ఫోన్ చేసినా లాభం లేదు. నొప్పులు ఎప్పుడొస్తాయో సుమారుగా తెలుసు. గాలి ఎప్పుడొస్తుందో వాతావరణ శాఖ చెప్పింది. రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడటమే.

ఇక్కడే ఆ మొదటి ప్రశ్న విలువ తెలుస్తుంది. సంక్రాంతికి కడసారి నెల చూసిన ఆమె కాన్పు అక్టోబరు 22 ప్రాంతంలో, సరిగ్గా తుపాన్ల కాలం ముంగిట్లో. నర్సు ఒక నెల తప్పు రాసుకుందనుకోండి, ఆ పేరు తరలింపు వరుసలోకి రాదు. గాలివానలో దీపం బుడ్డి పక్కన కనాల్సిన మనిషిగా మిగిలిపోతుంది. ఏప్రిల్లోనో మేలోనో ఎండలో నిలబడి ఓపిగ్గా అడిగిన ఒక ప్రశ్న, అక్టోబరులో ఒక జీపును సరైన గుమ్మం ముందు ఆపుతుంది. విపత్తు నిర్వహణ అని పెద్ద పేరు పెట్టుకున్న శాఖ ఈ జాబితాను తయారుచేయలేదు, చేయడం దానివల్ల కాదు కూడా. ఇది మామూలు రోజుల్లో మామూలు పనికోసం రాసుకున్నది.

వరుస ఉంటే చాలదు, ఆమె బండెక్కాలి. పెద్దపిల్లను ఎవరు చూస్తారు, మేకలేమవుతాయి, మొగుడు వలలు సర్దుతున్నాడు, ఆసుపత్రిలో ఎన్నాళ్లుండాలి. ఇన్ని ప్రశ్నలకు జవాబు చెప్పి బండెక్కించేది కలెక్టరు ఉత్తర్వు కాదు, ఆర్నెల్లుగా బీపీ చూస్తున్న ముఖం. పాళెంలో కాపులనే ఊరిపెద్దల మాటకున్న బలం కూడా తీసిపారేసేది కాదు. వాళ్లు సరేనంటే గంటలో ఊరు కదులుతుంది, వాళ్లు ఊగితే రెవెన్యూవాళ్లు వచ్చి అరిచినా కదలదు. తెలివైన తహసీల్దారు ముందు వాళ్ల దగ్గరికి పోతాడు.

నెల్లూరు ఆడవాళ్లకు సర్కారు జాబితాలతో పాత పరిచయం ఉంది. 1991 జనవరిలో జిల్లాలో అక్షరదీపం అనే అక్షరాస్యత కార్యక్రమం మొదలైనప్పుడు కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి చదువురానివాళ్ల పేర్లు రాసుకున్నారు. రాత్రిబడుల్లో కూర్చున్న ఆ ఆడవాళ్లే దూబగుంటలో సారా అంగడిని మూయించారు. ఆ పోరాటంతో దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారా మీద మిగిలిన డబ్బును రోజుకు రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు ఆ వెంటే జిల్లాలో పుట్టాయి. దూబగుంట తీరం ఊరు కాదు, కలిగిరి మండలం. కానీ ఆ సంఘాల వాడుక పాళేలదాకా వచ్చింది. ఈరోజు ఏఎన్‌ఎం ఒక కబురు చెప్పాలంటే డ్వాక్రా లీడరుకు చెబితే సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. నలుగురు ఆడవాళ్లు కూర్చుని పేర్లు చదువుకోవడం ఇక్కడ ముప్పై ఏళ్లనాటి అలవాటు.

జాబితాల మాటొచ్చింది గనక పింఛను గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. వృద్ధాప్య పింఛను 2024 జూలై 1 నుంచి 4,000 అయింది, ఒకటో తేదీన సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చిస్తారు. డబ్బు సంగతి కాదు, నాకు నచ్చింది వయసు. అందరికీ అరవై, సముద్రం మీద వేటకు పోయేవాళ్లకు యాభై. నేతవాళ్లకూ గీతకార్మికులకూ గిరిజనులకూ అంతే. అలల మీద ముప్పై ఏళ్లు వల లాగిన వీపు యాభైకే అరవై ఏళ్లదవుతుందని సర్కారు నియమం ఒప్పుకుంది. వేట నిషేధపు భృతి జాబితా తీరు కూడా చూడదగ్గదే. నిషేధం మొదలయ్యాక మత్స్యశాఖవాళ్లు రేవుల్లో తిరిగి ఒడ్డునున్న బోట్లు లెక్కపెట్టి, ఏ బోటు మీద ఎవరు వేటకు పోతారో రాసుకుంటారు. భృతి 2025లో 20,000 అయింది. బోటును బట్టి మనిషిని పట్టుకునే పద్ధతి ఇది. బోటు లేకుండా ఒడ్డున చేపలమ్మే ఆడమనిషి దీనికి ఎప్పుడూ చిక్కదు. లోపం అక్కడుంది.

ఈ జాబితాలకు అసలు పరీక్ష యానాదుల దగ్గర. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో వాళ్లు ఐదు లక్షల పైచిలుకు, మిగతా జిల్లాలకన్నా ఎక్కువమంది నెల్లూరులోనే. సంచిలో "ఊరు వదిలినవాళ్ల" జేబు ఒకటుందని మొదట చెప్పాను. ఆ జేబు యానాది బిడ్డ పాలిట ప్రమాదం. గుంట కాపలాకు పోయిన కుటుంబం రెండు నెలలకు తిరిగొస్తుంది, ఈలోగా చీటీ ఆ జేబులోకి పోయుంటే మళ్లీ ఎవరూ తీయరు. ఆ కుటుంబాలు ఊరు వదలవు, ఊళ్ల మధ్య తిరుగుతుంటాయి. సంచి కుట్టినవాళ్లు ఊళ్లో ఉండటం, ఊళ్లో లేకపోవడం అనే రెండే స్థితులు ఊహించారు. ఈ మూడో స్థితికి జేబు లేదు. పని బాగా చేసే ఏఎన్‌ఎం చేసేదేమిటంటే, చీటీని నెల జేబులోనే ఉంచి వెనకవైపు గుంట యజమాని పేరూ ఊరూ రాసుకోవడం. అప్పుడది టీకా చీటీగానే కాక ఆ కుటుంబం అడ్రసుగా కూడా పనికొస్తుంది. ఇలాంటి సవరణలు జీవోలో రావు. కొత్త సాఫ్ట్‌వేరు వచ్చినప్పుడల్లా ముందు చచ్చేవి కూడా ఇవే, ఎందుకంటే వెనకవైపు రాసుకోవడానికి ఫోనుకు వెనకవైపు లేదు.

తేదీలతో నడిచే ఈ పని ఎంత గెలిచిందో, ఎక్కడ ఆగిపోయిందో ఒకే సర్వేలో కనపడుతుంది. 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే అయ్యాయి. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. కాన్పు ఒక రోజు జరిగేది. ఆ రోజు ఎప్పుడో కనిపెట్టి, బండి పంపి, మనిషిని చేర్చడం ఈ యంత్రాంగానికి వచ్చిన విద్య. రక్తం పట్టడానికి ఒక రోజంటూ లేదు, ఏ జేబులోనూ ఇమడదు. గర్భిణికి ఐరన్ మాత్రలు 180 ఇస్తారు, రోజుకొకటి. ఇచ్చిన రోజు కార్డులో పడుతుంది. మింగిన రోజు ఎక్కడ పడుతుంది? మాత్ర వేసుకుంటే వికారం, మలబద్ధకం, దొడ్డికి నల్లగా పోతుంది. నాలుగు రోజులు మింగి అట్ట దూలం సందులో దోపేసే ఇళ్లు కొన్ని ఉంటాయి.

దీనికీ ఒక మంచి ఉపాయం కనిపెట్టారు. 2013లో వచ్చిన అమృతహస్తం పథకంలో గర్భిణులూ బాలింతలూ మధ్యాహ్నం అంగన్‌వాడీకి వచ్చి అన్నం, పప్పు, గుడ్డు, పాలు అక్కడే తినాలి, తిన్నాక టీచరు ముందే మాత్ర వేసుకోవాలి. రోజూ చేయాల్సిన పనికి రోజూ ఒక వేళ, ఒక చోటు, చూసే మనిషి. ఇంటికి సరుకులిస్తే అవి ఇంటిల్లిపాదికీ పంచుకుపోతాయి, గర్భిణి వాటా చివరికి మిగిలేది ఎంతోకొంత. ఇక్కడైతే గుడ్డు ఆమె కడుపులోకే పోతుంది. పేదింటి వంటగది సంగతి తెలిసినవాళ్లు గీసిన ప్లాను.

మాగాణి ఊళ్లలో అది బాగానే నడిచింది. పాళేల్లో తల్లులు తెల్లారకముందే రేవులో చేపల వేలంపాట పాడుకుని, గంప దింపుకోకుండా ఆటో ఎక్కి నెల్లూరు అంగళ్లకు పోతారు, తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అంగన్‌వాడీ భోజనం వేళ వాళ్ల బేరం వేళ. తర్వాత పద్ధతి మారి సరుకులు ఇంటికే ఇవ్వడం మొదలైంది, ఆ ఆడవాళ్లకు అది ఒక విధంగా న్యాయమే. కాకపోతే గుడ్డు ఎవరు తిన్నారో, మాత్ర ఎవరు మింగారో చూసే కన్ను లేకుండా పోయింది. ఖాళీ అయిన మాత్రల అట్టలు తెచ్చి చూపించమని అడగడం, ఆశా కార్యకర్తకు ఇప్పుడు మిగిలిన ఉపాయం అదొక్కటే.